శుక్రవారం నీళ్ళు

నమోదు 1. స్వాతి కార్తె, బుధవారం

ఒక ఇంట్లోకి వాననీళ్ళు వచ్చాయని ఎవరి మాట మీద నమ్మాలి?

ఈ ప్రశ్న నన్ను పదకొండో ఏట పట్టుకుంది. ఇప్పుడు నాకు నలభై ఆరు. అప్పట్లో మేం పాత రేవులో ఉండేవాళ్ళం. ఆ ఊరిప్పుడు సముద్రంలో ఉంది కాబట్టి వివరాలు అనవసరం. తుఫాను వెళ్ళాక నష్టం రాసుకునే ఆఫీసరు వస్తున్నాడని తెలిసి మా అమ్మ ఇల్లంతా తుడిచి, ఆరబెట్టి, కుర్చీ మీద ఉతికిన దుప్పటి వేసింది. ఆయన కూర్చుని, కాఫీ తాగి, నేల చూసి, ‘నీరు చేరలేదు’ అని రాసుకుని వెళ్ళాడు. పక్కింటివాళ్ళు తుడవలేదు. వాళ్ళకి ఇంటి పైకప్పు రేకులొచ్చాయి.

తర్వాత నేను నీటిపారుదలలో ఎం.టెక్. చేశాను, పట్టణ వరదల మీద పరిశోధన చేశాను. డిగ్రీలు పెరిగాయి. ప్రశ్న అలాగే ఉంది.

ఇప్పుడు మేముండే మెరకపట్నంలో దీనికి సమాధానం దొరికిందనే అందరూ అనుకుంటారు. నేలమీదున్న ప్రతి ఇంటి గడపకీ బొటనవేలంత తెల్ల పట్టీ బిగించి ఉంటుంది. నీరు తగిలితే నీలమవుతుంది. ఆ రోజంతా నీలంగానే ఉండి మర్నాటి తెల్లవారుజామున మళ్ళీ తెల్లబడుతుంది. ఎంతసేపు తడిసింది, ఎందుకు తడిసింది దానికి తెలియదు. తడిసిందా లేదా, అంతే. ఆ నీలాల్ని గుమస్తా లెక్కపెడుతుంది. గుమస్తా అంటే మనిషి కాదు, మా ఆఫీసు కంప్యూటరు. దాని అసలు పేరు పదకొండు మాటలు, ఎవరికీ నోరు తిరగదు.

వార్డులో సగం గడపలు నీలమైతే ఆ రోజు వార్డు తడిసినట్టు. ఏడేళ్ళకోసారి ఆ తడి రోజులన్నీ కూడి, అందరికంటే ఎక్కువ తడిసిన వార్డుకి వాననిధి మొత్తం ఇచ్చేస్తారు, ఒక పెద్ద కాలువ తవ్వడానికి. నిధి ఒక్క కాలువకే సరిపోతుంది. లెక్కలో మనిషి చెయ్యి పెట్టకూడదు. లెక్క ఎలా కట్టాలో చెప్పే నియమాలు మాత్రం మనుషులే రాస్తారు. రాసినవాళ్ళు ఆ నియమం బతికున్నన్నాళ్ళూ ఇలా ఒక పుస్తకం రాస్తూ ఉండాలని చట్టం.

నేను రాసింది పదిహేడో నియమం: ‘శుక్రవారపు తడి లెక్కలోకి రాదు.’ మా అత్తయ్య మూలంగా రాయాల్సి వచ్చింది. ఆవిడ ప్రతి శుక్రవారం గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెడుతుంది. మా వీధంతా పెడుతుంది. పట్టీలు బిగించిన కొత్తలో, మా నాలుగో వార్డు వారానికోసారి మునుగుతోందని గుమస్తా ఆందోళనపడి పడవలు పంపింది. రోహిణి కార్తెలో మూడు పడవలు లారీల మీద వచ్చాయి. ఎండకి వాటి రంగు పొక్కింది. ఆ వారమే నియమం రాశాను.

అప్పట్నుంచి ఈ పుస్తకంలో నా రాత ఒకటే: విశేషాలు లేవు.

ఈరోజూ లేవు. ఏడేళ్ళ లెక్క అనూరాధ కార్తెతో ముగుస్తుంది, అందుకని నమోదు అంకె మళ్ళీ ఒకటి నుంచి వేశాను. ఏడాదికి సగటున పదహారు తడి రోజులతో నాలుగో వార్డు ముందుంది. కాలువ మనకేనని అత్తయ్య పక్కింట్లో చెప్పేసింది. కొత్త కాలువ నీళ్ళు ఎక్కడో వదలాలి. తొమ్మిదో వార్డు పల్లంలో ఉన్నా ఏడాదికి మూడు రోజుల కంటే తడవదు, కాబట్టి అక్కడి బోదెలో, అంటే చిన్న మురుగుకాలువలో, చోటుంటుందని గుమస్తా చెప్పింది. ఎల్లుండి వెళ్ళి ఆ చోటెంతో కొలిచి రావాలి.

నమోదు 2. స్వాతి కార్తె, శుక్రవారం

బస్సు వంతెన దగ్గరే ఆగింది. “ఇక్కణ్ణుంచి నడవాలండి, శుక్రవారం కదా,” అన్నాడు డ్రైవరు, బంద్ అన్నంత మామూలుగా.

వంతెన దిగితే పిక్కల దాకా నీళ్ళు. వీధిలోకి వెళ్ళేకొద్దీ మోకాళ్ళ దాకా. సంచిలోంచి గుమస్తా లెక్కలు చూపే పలక తీసి చూశాను. తొమ్మిదో వార్డు, స్థితి: పొడి.

ఒక ఇంట్లో మంచం మీద కుట్టుమిషను, కుట్టుమిషను మీద రెండు కోళ్ళు ఉన్నాయి. ఒకావిడ ఎత్తు స్టూలు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని దోమతెరకి చేత్తో అంచు కుడుతోంది. నా వయసే ఉంటుంది.

“ఎవరండీ?”

“వాననిధి ఆఫీసు నుంచి. బోదె కొలవడానికొచ్చాను. చోటెంత ఉందో చూడాలి.”

ఆమె నన్నూ, నా మోకాళ్ళనూ చూసింది. “కొలుచుకోండి మేడమ్. మీరు నిలబడ్డదే బోదె.”

ఆమె పేరు సువార్తమ్మ. ఈ నీళ్ళు ఎప్పట్నుంచని అడిగాను.

“వానాకాలమంతా, ప్రతి శుక్రవారం. గురువారం రాత్రి మా వైపు పవర్ హాలిడే. పంపు ఆగిపోద్ది. తెల్లారేసరికి ఇవొచ్చేస్తాయి. మధ్యాహ్నం కరెంటొస్తే సాయంత్రానికి పోతాయి. మా పాస్టరుగారు కూడా ఇంత టయానికి రారు.”

“ఫిర్యాదు పెట్టలేదా?”

“పెట్టకేం.” స్టూలు మీంచి వంగి, గూట్లోంచి ఫోను తీసి చూపించింది. గుమస్తా జవాబులు, వారానికొకటి చొప్పున. ‘మీ ఇల్లు పొడిగా ఉన్నట్టు నమోదైంది. అభినందనలు.’

“మొదట్లో ఫ్రేము కట్టించుకుందామనుకున్నా,” అంది.

వంగి నీళ్ళలో చెయ్యిపెట్టి గడప తడిమాను. పట్టీ మీది ఒండు తుడిచి, మొహం నీళ్ళకి ఆనేదాకా వంగి చూశాను. నీలం.

జవాబు ముందే తెలుస్తోంది. అయినా అడిగాను. “శుక్రవారం మీరు గడప కడుగుతారా?”

“మేమెందుకు కడుగుతామండీ? మేం చర్చికెళ్ళేవాళ్ళం. ఈ సందంతా అంతే. అవతల సందు సాయిబులు. చివర్న ఉన్నవాళ్ళు కడుగుతారు, పాపం, నీళ్ళు లేనప్పుడు.” దారం కొరికింది. “ఏం, కడగాలా? కొత్త రూలా?”

పాత రూలేనని చెప్పలేదు.

బోదె కొలిచాను. చోటు సున్నా. పలకలో సున్నా నొక్కితే, ‘పొడి వార్డులో ఈ విలువ చెల్లదు, మళ్ళీ కొలవండి’ అంది. మళ్ళీ కొలిచాను. నాలుగో వార్డు కాలువ పూర్తయితే ఆ నీళ్ళు కూడా ఈ వీధిలోకే వస్తాయి. అప్పుడు స్టూలు చాలదు.

నమోదు 3. స్వాతి కార్తె, శనివారం

లెక్కలోంచి తీసేసిన నీలాల్ని గుమస్తా పారెయ్యదు, ఒక మూల దాస్తుంది. ఏడేళ్ళలో ఎవరూ ఆ మూల తెరవలేదు. ఈరోజు తెరిచాను.

తొమ్మిదో వార్డు శుక్రవారాలు కలిపితే, ఏడాదికి మూడు కాదు, ఇరవై ఒకటి. ఊరంతటికీ అదే ఎక్కువ. కాలువ వాళ్ళది.

నియమంలో ‘అందరూ గడప కడుగుతారు’ అని నేను రాయలేదు. రాయాల్సిన అవసరం కూడా కనిపించలేదు. తప్పు అక్కడుంది.

రాత్రి భోజనాల దగ్గర అత్తయ్యని అడిగాను, ఊళ్ళో అందరూ శుక్రవారం గడప కడుగుతారా అని. “కడక్కుండా ఎలా ఉంటారే?” అంది. తర్వాత కాసేపు ఆలోచించి, “ఉంటారు కాబోలు,” అంది. నాకంటే ఆవిడకి ఏడేళ్ళు తక్కువ పట్టింది.

నమోదు 4. స్వాతి కార్తె, సోమవారం

మా సంచాలకులు గవర్రాజుగారికి చెప్పాను. ఆయన తలుపు వేశారు. తలుపు వేస్తే విషయం చిన్నదవుతుందని ఆయన నమ్మకం.

“నియమం ఎత్తేయండి మరి,” అన్నారు.

“ఎత్తేస్తే అందరి శుక్రవారాలూ వచ్చేస్తాయండి. నాలుగో వార్డుకి పదహారు కాస్తా అరవై ఎనిమిదవుతాయి.”

“అంటే వారానికోసారి పైగా మునిగే వార్డులోంచి మీరు రోజూ ఆఫీసుకొస్తున్నట్టు. ఈదుకుంటూనా?”

“అందుకే ఎత్తకూడదంటున్నాను.”

“ఉంచితే?”

“తొమ్మిదో వార్డుకి కాలువ రాదు. పైగా మా వార్డు నీళ్ళు వాళ్ళ ఇళ్ళలోకి వెళతాయి.”

“క్రైస్తవుల ఇళ్ళకి, సాయిబుల ఇళ్ళకి మాత్రం ఎత్తేస్తే?”

“మతం అడక్కూడదు కదండీ. ముప్పై ఏళ్ళుగా చట్టం.”

“గడప గురించి అడగొచ్చా?”

అడగొచ్చు. ఆ దారి ఆయనే పదిహేడో నియమం కింద చిన్నక్షరాల్లో వెతికి పట్టుకున్నారు. ఒక వార్డులో నాలుగింట మూడొంతుల ఇళ్ళు ‘ఇకమీదట శుక్రవారం మా గడప మేం తడపం’ అని హామీ ఇస్తే, ఆ వార్డుకి నియమం వర్తించదు. దాచిన శుక్రవారాలు తిరిగొస్తాయి. హామీ కాలువ పూర్తయ్యేదాకా, అంటే నాలుగేళ్ళు. ఈలోగా వాన లేని శుక్రవారం ఒక గడప నీలమైతే ఆ ఇంటి హామీ రద్దు. హామీలు మూడొంతుల కంటే తగ్గితే పని ఆగిపోతుంది.

“ఇది ఎవరు రాశారు?” అన్నాను. ఆయన కాగితం నా వైపు తిప్పారు. కింద నా సంతకం. రాసినట్టు గుర్తులేదు.

పవర్ హాలిడే రోజు మార్చమని గ్రిడ్డుకి కూడా ఉత్తరం పెట్టాను. సాయంత్రానికే జవాబొచ్చింది. వచ్చే కేటాయింపు పదకొండేళ్ళ తర్వాత.

“ఇంకో మాట ఇందుమతిగారూ,” అన్నారు గవర్రాజుగారు, పొద్దున ఆయన గదిలోంచి నేను లేస్తుంటే. “ఇవన్నీ పుస్తకంలో రాయకండి. నాతో మాట్లాడండి చాలు.”

ఆ మాట కూడా రాశాను.

నమోదు 5. విశాఖ కార్తె, ఆదివారం

తొమ్మిదో వార్డులో 412 ఇళ్ళు. కావలసిన హామీలు 309.

చర్చి హాల్లో బల్ల వేసుకుని కూర్చున్నాను. నియమం రాసినవాళ్ళు విషయం చెప్పొచ్చు గానీ, ఒప్పించకూడదు. ముందు నా తప్పు చెప్పాను. ఏడేళ్ళుగా మీ నీళ్ళని మీ గడప కడుగుడు అనుకున్నాం, అలా అనుకోమన్నది నేనే అని. కోప్పడతారనుకున్నాను. వెనకనుంచి ఒక పెద్దాయన, “అయితే అభినందనలు కూడా మీరే పంపారా?” అన్నాడు. నవ్వారు. నవ్వాక కోప్పడ్డారు. అది గంటసేపు సాగింది, నేను రాసుకోలేదు.

సాయంత్రానికి చర్చి సందు, మసీదు సందు అయిపోయాయి. 271. వీళ్ళెవరూ కొత్తగా మానేది ఏమీ లేదు, కాబట్టి తొందరగా అయ్యింది.

మిగిలిన 141 ఇళ్ళూ చివరి సందువి. వాళ్ళు కడుగుతారు. వాళ్ళ ఇళ్ళూ మునుగుతాయి. ఇంకా ముప్పై ఎనిమిది కావాలి.

“నేనొస్తాను పదండి,” అంది సువార్తమ్మ. “మీరొక్కరే వెళితే బొట్టు చూసి లోపల కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. పని అవ్వదు.”

నమోదు 6. విశాఖ కార్తె, బుధవారం

మూడు రోజులుగా చివరి సందులోనే ఉన్నాను.

చిన్నవయసు ఆడవాళ్ళు హామీ కాగితాల మీద తొందరగానే సంతకాలు పెట్టారు, అత్తగార్లు ఇంట్లో లేనప్పుడు. అత్తగార్లు వచ్చాక ఇద్దరు తిరిగొచ్చి చింపేశారు. ఒకాయన పొడి పసుపు చల్లుకుంటే తప్పేమిటని సలహా ఇచ్చాడు. ఆయన భార్య లోపల్నుంచి, “నువ్వు ఎప్పుడైనా వంగి రాశావా?” అంది. ఆయన మళ్ళీ సలహా ఇవ్వలేదు.

చివరి ఇంట్లో నూకాలమ్మ ఉంటుంది. డెబ్బై దాటాయి. అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. మొదటి రోజు వద్దంది. రెండో రోజు వద్దంది. ఈరోజు సువార్తమ్మ ఆమె పక్కనే కూర్చుని తనూ గింజ తీయడం మొదలుపెట్టింది.

“పిన్నీ, నాలుగేళ్ళే.”

“నాలుగేళ్ళుంటానేటే నేను?”

“ఉండవనుకుంటే మరీ మంచిది. ఇంకా తొందరగా అయిపోద్ది.”

“ఛీ, నీ నోట్లో దుమ్ము పడ,” అని నవ్వింది నూకాలమ్మ. తర్వాత నావైపు తిరిగింది. “పెళ్ళయొచ్చిన కాణ్ణుంచి యాభై రెండేళ్ళు తల్లీ. మా ఆయన పోయిన వారం ఒక్కటే కడగనేదు. మునిగినప్పుడు సరే, నీళ్ళు పోయాక కడుగుతాను. ఇప్పుడు ఎండలో కూడా వద్దంటావేటి?”

“వాన ఉన్న శుక్రవారం కడుక్కోవచ్చమ్మా. ఎలాగూ తడిసే ఉంటుంది.”

“నీళ్ళ కింద గడప కడగమంటావా?”

చట్టప్రకారం అయితే నేను చెప్పింది సరైనదే.

“మీ ఇంట్లో కడుగుతారా?”

“మా అత్తయ్య కడుగుతారు.”

“మరి ఆవిడ మానెస్తదా?”

“ఆవిడ వార్డు వేరమ్మా.”

నూకాలమ్మ చింతపండు చేట పక్కన పెట్టింది. సువార్తమ్మ ఇంటివైపు చూసింది. ఆ ఇంటి పైకప్పు మీద, పోయిన శుక్రవారం తడిసిన దోమతెరలు ఆరేసి ఉన్నాయి. కంపెనీవాళ్ళు వాటిని వెనక్కి పంపేశారట. “దీని కుట్టుకూలి పోతంది ప్రతివారం,” అంది, నాతో కాదు, తనలో తను. వేలు ముందుకి చాపింది. సిరా నేను రాశాను.

ఇది రాసి తీరాలి: ఆమె ముద్ర వేసే ముందే నా దగ్గర 309 ఉన్నాయి. పక్కింటావిడ సంతకంతో పూర్తయ్యాయి. లెక్కపెట్టి ఉన్నాను. ఎవరైనా మళ్ళీ చింపేస్తే ఒకటి చేతిలో ఉంటే మంచిదనుకున్నాను. చెప్పలేదు. ఒప్పించకూడదని చట్టంలో ఉంది. ఆపకూడదని లేదు.

మొత్తం 310.

నమోదు 7. అనూరాధ కార్తె, శుక్రవారం

హామీలు నిలిచాయో లేదో చూడటానికి వాననిధి నుంచి ముగ్గురు సభ్యుల బృందం తనిఖీకి వచ్చింది. నాలుగు రోజులుగా వాన లేదు కాబట్టి నేల పొడిగా ఉంది, గడపలూ పొడిగా ఉండాలి. ఉన్నాయి. 310 ఇళ్ళలో ఒక్క నీలం లేదు. వేసవిలో కూడా చివరి సందు ఇంత పొడిగా ఉండదని సువార్తమ్మ అంది.

చివరి సందులో పాత పసుపు పొరలు పొరలుగా ఎండి, గడపలు బీటలువారిన గోడల్లా కనిపించాయి. ఆడవాళ్ళు బయటే ఉన్నారు, ఏ పనీ లేకుండా. పొద్దున్నే ఆ గంట వాళ్ళకి ఏం చెయ్యాలో తోచడంలేదట.

బృందం నాయకుడు నూకాలమ్మ ముందు ఆగి, “ఇబ్బందేమైనా ఉందా అమ్మా?” అని అడిగాడు.

“మీ ఆవిడ కడుగుతాదా బాబూ?”

ఆయన ‘ఇబ్బంది లేదు’ అని రాసుకున్నాడు.

తర్వాత బృందం జరిపిన విచారణలో నా తప్పు మళ్ళీ చెప్పాను. తొమ్మిదో వార్డు ఒక్కటే కాదని కూడా చెప్పాను. మా వార్డులో శుక్రవారాలన్నీ కడిగినవే అని ఎవరు చూశారు? వాటిల్లో కొన్ని నిజంగా మునిగినవై ఉండొచ్చు. నీలం నీలమే. బృందం నాయకుడు శ్రద్ధగా విని, పదిహేడో నియమం ఏడేళ్ళలో ఎన్ని పడవల ఖర్చు ఆదా చేసిందో అడిగాడు. చెప్పాను. మెచ్చుకుంటూ మినిట్సులో ఎక్కించారు.

నమోదు 8. అనూరాధ కార్తె, చివరి రోజు

లెక్క ముగిసింది. తొమ్మిదో వార్డు ఇరవై ఒకటి. నాలుగో వార్డు పదహారు. కాలువ తొమ్మిదో వార్డుకి. బోదెని వెడల్పు చేసి, పంపుతో పనిలేకుండా వాలు మీదే నీళ్ళు ఏటిలోకి పోయేలా కడతారు. దాని పటం నేనే గీశాను. వాలు సరిపోతుంది. మూడుసార్లు సరిచూశాను.

సువార్తమ్మకి ఫోను చేసి చెప్పాను. అవతల కోళ్ళని తోలుతున్న చప్పుడు. తర్వాత, “గుమస్తా నుంచి మెసేజి వచ్చింది మేడమ్,” అంది. “మా ఇల్లు ఏడేళ్ళుగా మునుగుతోందట. విచారం తెలియజేశారు.”

“ఫ్రేము కట్టిస్తారా?”

“ఆలోచిస్తున్నా.” పెట్టేసింది.

ఇంట్లో అత్తయ్య ముందే విని ఉంది. మా వీధికి కాలువ ఇంకో ఏడేళ్ళదాకా రాదు. వంటింటి గుమ్మంలో కూర్చుని కూర తరుగుతూ అంది: “వాళ్ళు కడగడం మానేశారని కాలువ ఇచ్చావు. నేను కడుగుతున్నానని నా కాలువ తీసేశావు. చదువుకున్న కోడలు.”

“అలా కాదత్తయ్యా.”

“ఎలా మరి?”

చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఆవిడ కుక్కరు కూత పెట్టిందని లేచి వెళ్ళింది. మిగతా సగం నాకు నేను చెప్పుకున్నాను. అంత బాగా రాలేదు.

నమోదు 9. జ్యేష్ఠ కార్తె, గురువారం

మధ్యాహ్నం నూకాలమ్మ ఆఫీసుకి వచ్చింది. రెండు బస్సులు మారిందట. కుర్చీలో కూర్చోమంటే కింద కూర్చుంది, నేనూ కింద కూర్చున్నాను. గవర్రాజుగారు తలుపు తెరిచి, చూసి, వేసేశారు.

“పని మొదలెట్టారు తల్లీ. మిషన్లొచ్చాయి. బోదె గట్టు మీద సుద్ద గీశారు. సువార్త నీకు చెప్పమంది.”

“చెప్పడానికేనా ఇంతదూరం వచ్చారు?”

“కాదు.” కొంగు సర్దుకుంది. “మూడొందల తొమ్మిది చాలంట కదా. మాయి మూడొందల పదంట కదా. ఒకటి ఎక్కువుందంట. మా సందులో అంటన్నారు.”

“ఉందమ్మా.”

“ఆ ఒక్కటీ నాకియ్యకూడదా?”

ఎవరు చెప్పారని అడగలేదు. లెక్క అందరికీ తెలిసేలా బోర్డు మీద అంటించింది మేమే.

ఆమె బతిమాలుతున్నట్టు అడగలేదు. కూరగాయల బండి దగ్గర కొసరు అడిగినట్టు అడిగింది. “రేపు పొద్దున్న కడుక్కుంటాను. గెడప మొత్తం నీలమైపోనీ. నా ఒక్క ఇల్లూ తీసీండి లెక్కలోంచి. కాలువ ఆగదు కదా?”

ఆగదు. అది నిజం. మిగులు ఒక్కటి ఉంది, అది ఆమెకిస్తే సరిగ్గా 309 మిగులుతాయి. కానీ ఆ మీదట ఏ ఇంట్లోనైనా, వాన లేని ఏ శుక్రవారమైనా, ఎవరి చేతిలోనైనా బిందె ఒలికితే పని ఆగుతుంది. నాలుగేళ్ళలో శుక్రవారాలు రెండువందల ఎనిమిది. ఇళ్ళలో చంటిపిల్లలున్నారు. ముసలివాళ్ళున్నారు. చావులుంటాయి, గుమ్మంలో నీళ్ళు పోస్తారు. నూటికి నూరుపాళ్ళూ ఒలుకుతుందనే ఇంజనీరుగా చెబుతాను.

పైగా ఆ సందులో మానుకున్నవాళ్ళు ఆమె ఒక్కతే కాదు, ముప్పై తొమ్మిదిమంది. ఆ ఒక్కటి ఆమెదెందుకవ్వాలి? ముందు అడిగిందనా? పెద్దదనా?

ఆమెదే అవ్వాలి అనడానికీ కారణముంది. అది ఆమెకి తెలియదు. ఆ రోజు ఆమె వేలిముద్ర నాకు అవసరం లేదు. ముప్పై ఎనిమిదిమందిని కాలువ అడిగింది. ముప్పై తొమ్మిదో మనిషిని అడిగింది నేను.

“మిగతావాళ్ళు కూడా అడుగుతారు కదమ్మా,” అన్నాను.

“అడగనీ.”

“చీటీ వేస్తే?”

“చీటీల్లో నాకెప్పుడూ రానేదు తల్లీ.” లేచింది. మోకాలు పట్టుకుని, బల్ల పట్టుకుని, నిదానంగా. “నువ్వు ఆలోచించుకో. ఎవరినైనా అడగాలంటే అడిగి చెప్పు. సువార్తకి ఫోను చేస్తే నాకు చెబుతాది.”

అడిగి చెబుతానన్నాను. బస్సు ఎక్కించి వచ్చాను. పదిహేడో నియమం కింద మిగులు హామీ గురించి ఎవరిని అడగాలో చిన్నక్షరాల్లో వెతికాను. ‘నియమం రాసినవారిని సంప్రదించవలెను’ అని ఉంది.

ఇప్పుడు సాయంత్రం ఆరు. ఇంకో గంటలో సువార్తమ్మ వైపు కరెంటు పోతుంది, ఆ తర్వాత ఆమె ఫోను కలవదు. రేపు వాన లేదని సూచన. ఇవ్వడం న్యాయమో, ఉంచడం న్యాయమో నాకు తెలియదు. ఆ ముద్ర తీసుకున్నది జాగ్రత్త కోసమో, మూడు రోజులు వద్దన్న మనిషి చివరికి సరే అన్నదన్న గెలుపు కోసమో కూడా నాకు తెలియదు. ఫోను చేతిలో ఉంది. ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.